పోర్ట్స్‌మత్ వెళ్లే ముందు ఒక కోటు చూడండి

అమ్మానాన్న మొదటిసారి లండన్ వచ్చినప్పుడు ఒక్క రోజులో ఐదు చోట్లు తిప్పాను. సాయంత్రానికి అమ్మకు గుర్తున్నది మోకాళ్ల నొప్పి ఒక్కటే. రెండోసారి ఒకే కథ పట్టుకుని వెళ్లాం. మీరూ అలాగే చేయండి.

ముందు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం. ప్రవేశం ఉచితం. బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ కోటు ఎక్కడో అడిగి నేరుగా అక్కడికే వెళ్లండి. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో ఆయన్ని చంపిన తూటా చేసిన రంధ్రం ఎడమ భుజం దగ్గర కనిపిస్తుంది. చిన్నదే.

మర్నాడు లండన్ వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కి, ఓడరేవు నగరం పోర్ట్స్‌మత్‌కు వెళ్లి పోర్ట్స్‌మత్ హార్బర్ స్టేషన్‌లో దిగండి. దానికి ముందు స్టేషన్ పేరులోనూ పోర్ట్స్‌మత్ ఉంటుంది, తొందరపడి దిగిపోకండి (మేం దిగాం). పాత యుద్ధనౌకలున్న డాక్‌యార్డ్ పక్కనే. టికెట్ మాత్రం ఖరీదే, ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి. ట్రఫాల్గర్‌లో నెల్సన్ ఉన్న విక్టరీ ఓడకు మరమ్మతులు జరుగుతున్నాయి, తెరచాపల అందం ఆశించకండి. పై డెక్ మీద నెల్సన్ పడిపోయిన చోట ఇత్తడి ఫలకం ఉంది. నిన్నటి కోటు గుర్తొచ్చి నాన్న అక్కడే ఆగిపోయారు.

ఎక్కువ సమయం మాత్రం అదే డాక్‌యార్డ్‌లో ఉన్న మేరీ రోజ్‌కే ఇవ్వండి. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కాలం నాటి యుద్ధనౌక. 1545లో మునిగింది, 1982లో పైకి తీశారు. బురద కాపాడిన నావికుల సామాన్లలో చెక్క దువ్వెనలు కూడా ఉన్నాయి. అమ్మ అద్దానికి ముక్కు ఆనించి చూసి, "ఇది పేల దువ్వెనే కదరా!" అంది.