డిస్పైజ్ అర్థం మరిచిపోకుండా ఉండాలంటే

ఇంగ్లీషు పదాలు బట్టీ కొట్టేవాళ్లకు ఒక చిట్కా. లాటిన్‌లో ‘డెస్పికెరె’ అని ఒక క్రియ ఉంది. ‘డె’ అంటే కిందికి, ‘స్పెకెరె’ అంటే చూడటం. గుట్ట మీద నుంచి లోయలోకి చూసినా అదే మాట, మనిషిని తక్కువ చేసి చూసినా అదే మాట. మన ‘చిన్నచూపు’ లాంటిదే అన్నమాట, అందులోనూ చూపే ఉంది కదా! డిస్పైజ్ (చిన్నచూపు చూడటం, ఏవగించుకోవడం), డెస్పికబుల్ (నీచమైన) ఆ లాటిన్ మాట నుంచే వచ్చాయి. ‘ఇన్ స్పైట్ ఆఫ్’లోని స్పైట్ కూడా ఆ ఇంటిదే.

ఆ ‘స్పెకెరె’యే ఇంగ్లీషు మాటల్లో ‘స్పెక్ట్’గా కనిపిస్తుంది. కాబట్టి ‘స్పెక్ట్’ కనిపిస్తే ‘చూపు’ అనుకుని, ముందున్న ముక్కను పట్టుకోండి. ఇన్‌స్పెక్ట్: లోపలికి చూడటం. రెస్పెక్ట్: వెనక్కి తిరిగి మరోసారి చూడటం. సస్పెక్ట్: కింది నుంచి చూడటం, తలవంచుకుని ఓరగా చూసే అనుమానపు చూపు గుర్తు తెచ్చుకోండి, ఇక మరిచిపోరు.

సంస్కృతంలో ‘పశ్యతి’ (చూస్తున్నాడు), గూఢచారిని చెప్పే ‘స్పశ’ కూడా ఈ ‘స్పెకెరె’కు చుట్టాలే.

డెస్పరేట్‌ను మాత్రం ఇందులో కలపకండి. అది ‘ఆశ’ అనే అర్థమున్న వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది.