ఇన్‌స్టాల్ కొట్టే ముందు వాకబు చేయండి

విజయవాడలో ఆరుగురం కలిసి మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాం. అందులో మా చేత్తో రాసిన కోడ్ కంటే, మేమెప్పుడూ ముఖం చూడని వాళ్లు రాసి ఉచితంగా ఇచ్చిన కోడే ఎక్కువ. ఆ మనుషులంటే నాకు చాలా గౌరవం. వాళ్ల పేరు వాడుకుని చొరబడే దొంగలూ ఉన్నారు కాబట్టి, మా టీంలో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి వారంలోనే ఈ పద్ధతులు నేర్పుతాను.

వేరేవాళ్లు రాసి పెట్టిన రెడీమేడ్ కోడ్ కట్టను ప్యాకేజీ అంటారు, లైబ్రరీ అన్నా దాదాపు ఇదే. ముందు ఆ ప్యాకేజీ నిజంగా కావాలో లేదో తేల్చుకోండి. బిల్లు కింద మొత్తాన్ని అక్షరాల్లో వేయడానికి మా టీంలో ఒక అబ్బాయి ఏదో ప్యాకేజీ తెచ్చాడు. ఇద్దరం కూర్చుని విప్పి చూశాం. అసలు పని చేసే కోడ్ ఎనభై లైన్లు కూడా లేదు, దాని వెనకాల మాత్రం ఇంకో 23 ప్యాకేజీలు వస్తున్నాయి. పైగా దానికి లక్షలు, కోట్లు తెలియవు, మిలియన్లలో చెబుతుంది. సాయంత్రంలోపు మేమే రాసేసుకున్నాం. 2016లో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయన ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే ఆన్‌లైన్ గోదాము) నుంచి తీసేస్తే ఎక్కడెక్కడి బిల్డ్‌లు (కోడ్ నుంచి ప్రోగ్రాం తయారుచేసే పనులు) ఆగిపోయాయి. 11 లైన్ల కోసం ఇంకొకరి మీద ఆధారపడకండి.

కావాల్సిందే అనుకుంటే, పేరును అక్షరం అక్షరం చదవండి. పైథాన్ వాళ్లకు జెల్లీఫిష్ అనే మంచి లైబ్రరీ ఉంది. ఆ పేరులో పక్కపక్కనే ఉండే రెండు చిన్న ‘ఎల్’ అక్షరాల్లో మొదటి దాని బదులు పెద్ద ‘ఐ’ పెట్టి ఒకరు నకిలీది ఎక్కించారు. తెర మీద రెండూ నిలువు గీతల్లాగే ఉంటాయి. ఆ నకిలీది ఎస్‌ఎస్‌హెచ్, జీపీజీ కీలు (సర్వర్లలోకి వెళ్లడానికి, డిజిటల్ సంతకాలకు వాడే రహస్య ఫైళ్లు) దొంగిలించేది. దాదాపు ఏడాదిపాటు పైథాన్ ప్యాకేజీల గోదాము పైపీఐలో అలాగే ఉండి, 2019 డిసెంబరులో దొరికింది. అందుకే మేం పేరు చేత్తో టైప్ చేయం, ఆ ప్రాజెక్టు సొంత పేజీ నుంచి కాపీ చేస్తాం. ఏఐ టూల్ చెప్పిన పేరును అసలు నమ్మకండి. ఒకసారి అది చెప్పిన పేరు కొడితే, అలాంటి ప్యాకేజీయే లేదని ఎర్రర్ వచ్చింది. అప్పటికి మా అదృష్టం బాగుంది. ఆ ఖాళీ పేరును ముందే ఎవరైనా దొంగ రిజిస్టర్ చేసి ఉంటే?

తర్వాత మనుషుల గురించి వాకబు. ఎక్కువమంది వదిలేసేది దీన్నే. పిల్లనిచ్చే ముందు నలుగురినీ అడుగుతామే, అలా అడగాలి. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించే చిన్న లైబ్రరీ ఉంది, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ కనిపిస్తుంది. లాసె కాలిన్ అనే ఆయన ఏళ్ల తరబడి దాన్ని చూసుకున్నారు. తన మానసిక ఆరోగ్యం బాగోలేదని, ఇది జీతం లేని హాబీ పని అని 2022లో ఆయనే రాశారు. ఆ రోజుల్లోనే ముక్కూ మొహం తెలియని కొన్ని పేర్లు, ‘అప్‌డేట్లు రావట్లేదు, ఇంకెవరికైనా అప్పజెప్పండి’ అని ఆయన వెంటపడ్డాయి. మరోపక్క జియా టాన్ అనే పేరుతో ఒకరు ఓపిగ్గా ప్యాచ్‌లు (చిన్న చిన్న కోడ్ సవరణలు) పంపుతూ నమ్మకం సంపాదించి, రిలీజ్‌లు చేసే అధికారం దాకా వచ్చారు. 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు 0.3 సెకను బదులు 0.8 సెకను పడుతోందని గమనించి, కారణం దొరికేదాకా తవ్వారు. ఆ సంగతి మార్చి 29న లోకానికి తెలిసింది. అర సెకను తేడాను పట్టించుకునే మనిషి ఉండబట్టి బయటపడ్డాం.

కాబట్టి చూడాల్సినవి ఇవి: దీన్ని చూసుకునేది ఒక్కరేనా? ఈమధ్య చేతులు మారిందా? కొత్తగా వచ్చినవాళ్లకు ఇంకెక్కడైనా పని చేసిన చరిత్ర ఉందా? ఇష్యూల పేజీలో (ఫిర్యాదులు రాసే చోట) ఎవరైనా మెయింటైనర్ మీద, అంటే ఆ ప్యాకేజీని చూసుకునే మనిషి మీద, కేకలేస్తున్నారా? ఒక్కరే ఉన్నంత మాత్రాన వదిలేయమనడం లేదు. ఆ ఒక్కరికి ఎంతోకొంత డబ్బో, ఒక బగ్ రిపోర్టో పంపండి. మేం ప్రతి నెలా కొంత పంపుతున్నాం.

ఎక్స్‌జెడ్‌లో ఇంకో విషయం గుర్తుపెట్టుకోండి. చెడు కోడ్ టెస్టు ఫైళ్ల రూపంలో దాక్కుంది. దాన్ని లేపే భాగం గిట్‌లో (కోడ్‌నూ దాని మార్పుల చరిత్రనూ దాచే చోట) లేదు, రిలీజ్ టార్‌బాల్‌లో (జనం దించుకునే కట్టలో) మాత్రమే ఉంది. గిట్‌హబ్‌లో చదివింది, మన మెషీన్‌లోకి దిగింది ఒకటే కానక్కర్లేదు. అందుకని దిగేదాన్నే విప్పి చూడండి. ‘ఎన్‌పీఎం ప్యాక్’ అని రాసి ప్యాకేజీ పేరిస్తే, ఇన్‌స్టాల్ కాకుండా ఆ కట్ట మాత్రం దిగుతుంది. అందులో ప్యాకేజీ డాట్ జేసన్ తెరిచి, స్క్రిప్ట్స్ దగ్గర ప్రీఇన్‌స్టాల్, పోస్ట్‌ఇన్‌స్టాల్ ఉన్నాయేమో చూడండి, అవి ఇన్‌స్టాల్‌తో పాటే వాటంతటవే నడుస్తాయి. ఉంటే అవి ఏ ఫైలును నడుపుతున్నాయో చదవండి. అది అర్థంకాని గజిబిజి అక్షరాల గుట్టలా ఉంటే అక్కడితో ఆపేయండి. మేం ఎన్‌పీఎం సెట్టింగుల్లో ఇగ్నోర్ స్క్రిప్ట్స్ ఆన్ చేసే ఉంచుతాం, అప్పుడు అవి వాటంతటవి నడవవు. నిజంగా అవసరమైన ఒకటి రెండింటికి విడిగా నడుపుతాం.

లాక్ ఫైలును (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉండేది) తప్పకుండా గిట్‌లో పెట్టండి, సర్వర్ మీద ఆ వెర్షన్లనే అచ్చంగా దించే ‘ఎన్‌పీఎం సీఐ’ మాత్రమే వాడండి. కొత్త వెర్షన్ వచ్చిన రోజే ఎక్కించకండి. 2025 సెప్టెంబరు 8న చాక్, డీబగ్ లాంటి ఎన్‌పీఎం ప్యాకేజీల్లోకి చెడు కోడ్ వచ్చింది దొంగ మెయిల్‌తో మెయింటైనర్ లాగిన్ కొట్టేయడం వల్లే. రెండు మూడు గంటల్లోనే పట్టుకున్నారు. వారం ఆగే అలవాటున్నవాళ్లకు అది తగల్లేదు.

సెక్యూరిటీ రంధ్రం పూడ్చే అప్‌డేట్‌కు మాత్రం ఈ వారం లెక్క వద్దు. 2021 డిసెంబరులో లాగ్‌ఫర్‌జే అనే లైబ్రరీలో పెద్ద రంధ్రం బయటపడి గొడవ వచ్చినప్పుడు, ఆ లైబ్రరీ మా దగ్గర ఎక్కడుందో మాకే తెలియదు. ఒక రిపోర్టుల టూల్ కడుపులో ఉందని తేలడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రాత్రుల టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. ఇప్పుడు ప్రతి రిలీజ్‌కు అందులో ఏమేం ఉన్నాయో జాబితా తీసి దాస్తాం. దాన్నే ఎస్‌బామ్ అంటారు, కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్‌ఇన్ 2024లో దీనికి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

ఇంత చేసినా చెడ్డది దిగిపోతే, అన్‌ఇన్‌స్టాల్ చేసి ఊరుకోకండి. ఆ లాప్‌టాప్‌కు నెట్ తీసేయండి. వేరే మెషీన్ నుంచి గిట్, క్లౌడ్, ఎన్‌పీఎం టోకెన్లు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు, డేటాబేస్ పాస్‌వర్డ్ అన్నీ మార్చండి. తర్వాత మెషీన్‌ను మొదటి నుంచి ఫార్మాట్ చేయండి. సెర్ట్‌ఇన్ 2022 ఆదేశాల ప్రకారం ఇలాంటి దాడుల గురించి తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకు తెలియజేయాలి. ఆ కంగారులో వెతుక్కునే పని లేకుండా, ఏ కీ ఎక్కడ మార్చాలో, ఎవరికి చెప్పాలో ఒక కాగితం మీద రాసి, మా ఆఫీసులో రౌటర్ పక్కన గోడకు అతికించాం.