బీరువా నిండా బట్టలే, వేసుకోడానికి ఒక్కటీ లేదు

మాది నెల్లూరు. ఆఫర్లో కొన్న పాలిస్టర్ కుర్తీలు నాలుగు ఉతుకులకే ఉండలు కట్టి, ఎండాకాలం ఒంటికి అతుక్కుపోతుంటే విసుగొచ్చి కొనడమే ఆపేశా. అన్నీ మంచం మీద కుప్ప పోస్తే నిజంగా వేసుకునేవి తొమ్మిదే.

వాటిల్లో అన్నిటికీ కలిసే తెలుపు, నలుపు, బూడిద రంగు ప్యాంట్లు మూడు ఉంచుకుని, పైకి మాత్రం చేనేత నూలు గుడ్డ మీటర్ల లెక్కన తెచ్చి కుట్టించుకోవడం మొదలుపెట్టా. మొదటిది పాడుచేశాను, తడపకుండా ఇచ్చేసరికి ఒక్క ఉతుకుతో చేతులు పైకెక్కాయి. "నానబెట్టకుండా తెచ్చావేందమ్మా" అని టైలరన్న ఒకటే నవ్వు. ఇప్పుడు రాత్రంతా చన్నీళ్లలో నానేసి, నీడన ఆరేసి ఇస్తున్నా. పక్కకుట్ల లోపల అంగుళం గుడ్డ వదలమంటున్నా, లావైతే విప్పుకోవచ్చు కదా.

అమ్మ పాత వెంకటగిరి చీర మడతల్లో చిరిగితే (ఆ ఊరు 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది గానీ అమ్మకి ఇంకా నెల్లూరే) బాగున్న మేర కత్తిరించి దుపట్టా చేయించా. మూడు ప్యాంట్ల మీదకీ అదే వేస్తున్నా. గంజి పెట్టడానికే బద్ధకం, ఆదివారానికి వాయిదా.