రోబుస్టో రుచి చూడటం ఎలా: పొట్టి, లావు క్యూబన్ సిగార్‌ను అంచనా కట్టే పద్ధతి

క్యూబాలో రోబుస్టో అంటే 124 మిల్లీమీటర్ల పొడవు, 50 రింగ్ గేజ్ మందం. అంగుళాన్ని 64 భాగాలు చేసి అందులో ఎన్ని భాగాలో చెప్పేదే రింగ్ గేజ్, అంటే 50 రింగ్ సిగార్ అడ్డంగా దాదాపు 20 మిల్లీమీటర్లు ఉంటుంది. పార్టగాస్ సెరీ డి నంబర్ 4, ఓయో దె మోంటెరే ఎపిక్యూర్ నంబర్ 2, రామోన్ అయోనెస్ స్పెషల్లీ సెలెక్టెడ్, కొహీబా రోబుస్టో అనే సిగార్లన్నీ ఇదే సైజు. మోంటెక్రిస్టో పెటిట్ ఎడ్మండో ఇంకా పొట్టి, 110 మిల్లీమీటర్లే, కానీ మందం 52.

ఈ సైజులో ఒక చిక్కు ఉంది, దాన్ని పట్టుకోకపోతే మీరిచ్చే తీర్పు తప్పిపోతుంది. పొట్టిది కాబట్టి నిప్పుకీ నోటికీ మధ్య దూరం మొదటి నుంచే తక్కువ, పొగ చల్లబడటానికి చోటు ఉండదు. లావుది కాబట్టి పెద్ద నిప్పు, గబగబా లాగితే అది భగ్గున వేడెక్కి ఆకులోని తీపినంతా మింగేసి చేదునీ ఘాటునీ మిగులుస్తుంది. సిగార్ బాగాలేదని చాలామంది అనేది నిజానికి వాళ్ల తొందర గురించే అని నా గట్టి నమ్మకం. కాబట్టి ముందు మీ వేగం సరిచేసుకోండి, ఆ తర్వాతే సిగార్‌కి మార్కులు.

వెలిగించే ముందు పెట్టె తిప్పి చూడండి. అడుగున క్యూబాలో తయారైందనీ, పూర్తిగా చేత్తో చుట్టారనీ స్పానిష్‌లో ముద్ర ఉంటుంది, పక్కనే ఫ్యాక్టరీ కోడ్, పెట్టెలో సర్దిన నెల, సంవత్సరం ఉంటాయి. నెలలు కూడా స్పానిష్‌వే, జనవరికి ఎనె, ఆగస్టుకి అగొ, డిసెంబరుకి దిక్. అద్దం మూత ఉన్న కొహీబా పెట్టె ఎవరైనా అమ్మజూపితే అది నకిలీ, దాని రుచి గురించి మాట్లాడుకోవడం దండగ.

సిగార్‌ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా నొక్కుతూ వెళ్లండి. కొంచెం మెత్తగా, అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట గట్టిగా తగిలితే అక్కడ పొగ ఆగిపోవచ్చు, ఒకచోట బోలుగా ఉంటే అక్కడికి రాగానే వేడిగా మండుతుంది. తర్వాత వెలిగించే కొసని ముక్కు దగ్గర పెట్టుకోండి. అమ్మోనియా వాసన వస్తే ఆకు పులియడం ఇంకా పూర్తి కాలేదని అర్థం, దాన్ని తిరిగి పెట్టెలో పెట్టి కొన్ని నెలలు మర్చిపోవడమే మేలు. క్యూబన్‌లకి 65 శాతం తేమ, 18 డిగ్రీల దగ్గర వేడి ఉంటే హాయిగా ఉంటాయి. తేమ 70 దాటితే ఆకు ఉబ్బి దమ్ము బిగుస్తుంది, మాటిమాటికీ ఆరిపోతుంది, అప్పుడు తప్పు చుట్టినవాళ్లది కాదు, దాచినవాళ్లది.

కోసేటప్పుడు టోపీ, అంటే నోటి వైపు కొసని కప్పే ఆకు ముక్క, దాని అంచు గీత దాటకండి, దాటితే పై ఆకు విప్పుకుపోతుంది. కోశాక వెలిగించకుండానే ఒకసారి లాగి చూడండి. గాలి కాస్త అడ్డుపడుతూ రావాలి. అసలు అడ్డే లేకపోతే త్వరగా కాలిపోతుంది, బుగ్గలు లోపలికి పోయేంత కష్టపడాల్సి వస్తే సన్నని సూదితో దారి చేసుకోవచ్చు, కానీ ఆ సంగతి నోట్సులో రాసుకోండి.

వెలిగించడానికి గ్యాస్ లైటర్ గానీ చెక్క అగ్గిపుల్ల గానీ వాడండి, పెట్రోలు లైటర్ వద్దు, దాని వాసన మొదటి దమ్ములన్నిటికీ అంటుకుంటుంది. మంటని కొసకి తాకించకుండా కాస్త కింద పట్టుకుని, సిగార్‌ని తిప్పుతూ అంచంతా ఎర్రబడేదాకా ఓపిక పట్టండి. ఇంత లావు సిగార్‌కి ఇది టైమ్ తీసుకుంటుంది, ఇక్కడ తొందరపడితే నిప్పు ఒక పక్కకే పాకుతుంది.

ఇక అసలు పని. నిమిషానికి ఒక దమ్ము, అంతే. అలా కాలిస్తే రోబుస్టో ముప్పావు గంట నుంచి గంట వరకు వస్తుంది. పొగని ఊపిరితిత్తుల్లోకి తీసుకోకూడదు, నోట్లో నింపి నాలుక మీద, అంగిలి మీద తిరగనిచ్చి వదిలేయాలి. రెండు మూడు దమ్ములకొకసారి నోరు మూసుకుని కొద్దిపాటి పొగని ముక్కు గుండా వదలండి, మొదట మంటగా అనిపించినా దేవదారు చెక్క, తోలు, తడిమట్టి, వేయించిన కాఫీ గింజ వంటి వాసనలన్నీ తెలిసేది అక్కడే, నాలుకకి తెలిసేది తీపి, చేదు, పులుపు, ఉప్పు లాంటివి మాత్రమే. పక్కన మంచినీళ్లు తప్ప ఇంకేమీ పెట్టుకోకండి. ఖాళీ కడుపుతో కూర్చోకండి, నికోటిన్ తల తిప్పేస్తుంది. పొగ మింగకపోయినా నోటికీ గొంతుకీ క్యాన్సర్ ముప్పు ఉంటుంది, అది తెలిసే కాల్చాలి.

మొదటి సెంటీమీటరుని బట్టి ఏమీ తేల్చకండి, ఆ మిరియాల ఘాటు సర్దుకోవడానికి టైమ్ కావాలి. తీర్పు చెప్పాల్సింది మధ్య భాగంలో. పినార్ దెల్ రియో ప్రాంతంలోని వుయెల్టా అబాహో పొగాకులో మొక్క పైభాగపు ఆకు లిహేరో, ఇది బలమైనది, నెమ్మదిగా కాలుతుంది, అందుకే చుట్టేవాళ్లు దాన్ని నడిమధ్యలో పెడతారు. మధ్య ఆకు సెకో సువాసనకి, కింది ఆకు వొలాడో బాగా మండటానికి. లావు సిగార్‌లో వీటికి చోటు ఎక్కువ కాబట్టి మధ్యభాగంలో రుచి మారుతూ ఉండాలి, ఒక దమ్ములో చెక్క, ఇంకో దమ్ములో కోకో, వెనకాల తీపి. పది దమ్ములు ఒకేలా ఉంటే బాగా కాలుతున్నా సరే అది గొప్ప సిగార్ కాదు.

చివరి భాగం పరీక్ష లాంటిది. ఘాటు పెరగడం సహజం, కానీ ఘాటు కింద తీపి ఇంకా తెలుస్తోందా లేదా చూడండి. పట్టుకున్న చోట వేళ్లకి వేడి తగిలితే, లేదా రుచి ఒట్టి చేదుకి వస్తే ఆపేయండి, డబ్బు పెట్టామని చివరిదాకా లాగితే ముందు రుచి కూడా మనసులోంచి పోతుంది. నుసి సంగతి ఎక్కువ పట్టించుకోకండి. తెల్లగా ఉంటే మంచిదనేది నేను నమ్మను, రంగు నేలలోని ఖనిజాలని బట్టి వస్తుంది. అది రాలకుండా నిలబడితే లోపలి ఆకులు పొడుగ్గా, సరిగ్గా ఉన్నాయని మాత్రం చెప్పొచ్చు.

మార్కులు రెండు వేరు గడుల్లో వేయండి, చుట్టిన తీరు ఒకటి, రుచి ఒకటి. వంకరగా కాలిన సిగార్ కూడా రుచిలో అద్భుతంగా ఉండొచ్చు. పార్టగాస్‌ని ఓయోతో పోల్చి ఘాటు ఎక్కువని తగ్గించకండి, పార్టగాస్ మట్టి, మిరియాల బలం కోసం, ఓయో మృదువైన చెక్క సువాసన కోసం, దేన్ని దాని దారిలోనే చూడాలి. చేత్తో చుట్టింది కాబట్టి ఒకే పెట్టెలో కూడా తేడాలుంటాయి, ఒక్కటి కాల్చి బ్రాండ్ మొత్తానికి తీర్పు రాసేయకండి, కనీసం మూడైనా కాల్చండి. నోట్సులో ఫ్యాక్టరీ కోడ్, తేదీ కూడా రాసుకోండి. ఘాటుగా ఉన్నా అడుగున తీపి కనిపించిన పెట్టె అయితే మిగతావి ఏడాది పక్కన పెట్టి, అప్పుడు ఇంకొకటి తీసి అదే నోట్సు పక్కన కొత్త మార్కులు వేయండి.