గే స్నేహితుడు చచ్చిపోవాలనుందంటే ఏం చేయాలి

ముందు నేరుగా అడగండి, “ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయా?” అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామందికి భయం, కానీ అడగడం వల్ల రిస్క్ పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి, పైగా ఇన్నాళ్లూ దాచుకున్నది చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. ప్లాన్ కూడా ఉందంటే ఒంటరిగా వదలొద్దు, ప్రమాదకరమైన వస్తువులు దూరంగా పెట్టించి, పక్కనే కూర్చుని ఎమర్జెన్సీకో హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి.

ఇంట్లోవాళ్లకు చెప్పాల్సి వస్తే ప్రాణాపాయం ఉందని చెబితే చాలు. తను గే అన్న సంగతి మీ నోటి నుంచి రాకూడదు, తెలిశాక ఇల్లే ప్రమాదం కావచ్చు.

కౌన్సెలర్‌ను వెతికేటప్పుడు “మార్చేస్తాం” అనేవాళ్లు అస్సలు వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసింది, ఆ ‘చికిత్స’ హాని చేస్తుంది కూడా.

మర్నాడు మళ్లీ మెసేజ్ పెట్టండి, జవాబు రాకపోతే ఫోన్ చేయండి.