బ్రిటిష్ రౌతు జాడ – 3వ భాగం: మస్టర్‌లో పట్టుకుందాం

పాత బ్రిటిష్ సైన్యంలో రౌతుగా, అంటే గుర్రం మీది సిపాయిగా, పనిచేసిన మనిషి జాడని పాత రికార్డుల్లో వెతకడమే ఈ పాఠాల పని. పోయినసారి పింఛను కాగితాలు చూశాం కదా, లండన్‌లో క్యూ అనే చోట (మనం నిలబడే క్యూ కాదు, ఊరి పేరే అది) నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 (డబ్ల్యూఓ అంటే వార్ ఆఫీస్, అప్పటి యుద్ధ శాఖ) అనే నంబరు కింద ఉండేవి. అందులో మీ మనిషి దొరికితే అదృష్టమే. పుట్టిన ఊరు, సైన్యంలో చేరకముందు చేసిన పని, ఎత్తు, కళ్ల రంగు, ఎక్కడెక్కడ ఎన్నేళ్లు ఉన్నాడో అన్నీ ఒక్కచోటే ఉంటాయి.

దొరక్కపోతే? నేను మొదట్లో స్పెల్లింగ్ మార్చి మార్చి వెతికి రెండు నెలలు పోగొట్టుకున్నా. అసలు సంగతేంటంటే, 1883కి ముందు ఆ కట్టల్లోకి చేరినవి పింఛనుతో బయటికొచ్చినవాళ్ల కాగితాలు. కొలువులో ఉండగానే చచ్చిపోయినవాడు, పారిపోయినవాడు మామూలుగా అందులో ఉండరు. అంటే పేరు కనబడకపోవడం కూడా ఒక ఆధారమే, అక్కడ ఆగిపోవద్దు.

ఈ పాఠానికి జాన్ ఫారెల్‌ని తీసుకుందాం. డబ్లిన్‌వాడు, 17వ లాన్సర్స్ రెజిమెంట్ (లాన్సర్స్, డ్రాగూన్స్, హుస్సార్స్ అన్నీ గుర్రపు దళాల పేర్లే). 1854 అక్టోబర్ 25న క్రిమియాలోని బాలక్లావా దగ్గర లైట్ బ్రిగేడ్ అనే బ్రిటిష్ గుర్రపు దళం రష్యా ఫిరంగుల మీదికి ఎదురెళ్లినరోజు అతను సార్జెంట్. దెబ్బతిన్న కెప్టెన్ వెబ్‌ని సార్జెంట్ మేజర్ బెరీమన్‌తో కలిసి మోసుకొచ్చి, నొప్పికి ఆయన ఇక వద్దంటే అక్కడే దించి, స్ట్రెచర్ వచ్చేదాకా గుళ్ల వానలో పక్కనే ఉన్నాడు. తర్వాత 13వ లైట్ డ్రాగూన్స్‌కి చెందిన మలోన్ కూడా చెయ్యి వేస్తే ముగ్గురూ కలిసి బయటికి చేర్చారు. వెబ్ బతకలేదు, ముగ్గురికీ విక్టోరియా క్రాస్, అంటే బ్రిటిష్ సైన్యంలో ధైర్యానికిచ్చే అత్యున్నత పతకం, వచ్చింది. రెజిమెంట్ తర్వాత మన దేశానికొచ్చి 1857 తిరుగుబాటు నాయకుడు తాంతియా తోపే వెంటపడింది. ఫారెల్ మాత్రం ఇంటికి తిరిగి వెళ్లలేదు, 1865 ఆగస్టు 31న కొలువులో ఉండగానే సికింద్రాబాద్‌లో చనిపోయాడు.

అంటే ఇతని కోసం డబ్ల్యూఓ 97 తిరగేయడం వృథా. మనం వెళ్లాల్సింది డబ్ల్యూఓ 12కి, అంటే మస్టర్ పుస్తకాలకి. మస్టర్ అంటే మనకి కొత్త మాటేం కాదు, సింగరేణిలో మస్టర్ పడిందా అన్నా, ఉపాధి హామీ పనిలో మస్టర్ వేశారా అన్నా అదే. ఎవడు పనిలో ఉన్నాడు, ఎన్ని రోజులకి జీతం ఇవ్వాలి, లెక్క అంతే. 1878 దాకా ఇందులో, ఆ తర్వాతవి డబ్ల్యూఓ 16లో చూడాలి. చాలావరకు ఆన్‌లైన్‌లో లేవు, వెళ్లి చూడాలి లేదా డబ్బు కట్టి కాపీలు తెప్పించుకోవాలి, కాబట్టి ఏ సంవత్సరం కావాలో ముందే తేల్చుకుని అడగండి.

చివరి నుంచి మొదలుపెట్టండి. ఫారెల్‌కైతే 1865 జులై–సెప్టెంబర్ పట్టీ. పెద్ద హోదా వాళ్లు ముందుంటారు, ప్రైవేట్లు, అంటే మామూలు సిపాయిలు, కింద అక్షర క్రమంలో వస్తారు. పక్కన రిమార్కుల గడి ఉంటుంది, ఆసుపత్రిలో ఉన్నాడా, జైల్లో ఉన్నాడా, సెలవు మీద వెళ్లాడా అన్నది అందులోనే గుమాస్తా గిలికి పెడతాడు. నాకైతే ఆ గడి చదవడమే ఇష్టం. ఆ మూడు నెలల్లో చనిపోయినవాళ్లకీ, పారిపోయినవాళ్లకీ, విడుదలైనవాళ్లకీ వేరే జాబితా ఉంటుంది, పుట్టిన ఊరు, చేరిన తేదీ తరచుగా దొరికేది అక్కడే. చేరిన తేదీ దొరికితే సరాసరి ఆ ఏడాదికి దూకి మధ్యలోవి తర్వాత నింపుకోవచ్చు.

అన్నిటికంటే ముందు రెజిమెంట్‌లో ఆ సిపాయికిచ్చిన నంబరు రాసుకోండి. జాన్ ఫారెల్ లాంటి పేర్లు ఐర్లండ్‌లో బోలెడు, నంబరే మనిషిని గుర్తుపట్టేది. ఆ నంబరు ఆ రెజిమెంట్ వరకే చెల్లుతుంది, వేరే రెజిమెంట్‌కి మారితే కొత్తది ఇస్తారు. మలోన్ తర్వాత 6వ డ్రాగూన్స్‌లో ఆఫీసరయ్యాడు, ఇక అతన్ని ఆర్మీ లిస్ట్‌లో, అంటే ఆఫీసర్ల పేర్లు అచ్చేసిన పుస్తకంలో, వెతకాలి. పైగా 13వ లైట్ డ్రాగూన్స్ 1861లో 13వ హుస్సార్స్ అయింది. కేటలాగ్‌లో రెండు పేర్లూ కొట్టి చూడండి.

ఇక సికింద్రాబాద్ సంగతి. ఊరు నిజాం రాజ్యంలోనే ఉన్నా కంటోన్మెంట్ మద్రాసు సైన్యం కింద ఉండేది. అందుకని అక్కడి చర్చిల్లో జరిగిన ఖననాల వివరాలు బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు రిజిస్టర్ల కింద, అంటే ఎన్/2లో వెతకాలి. హైదరాబాద్ అని వెతికితే ఖాళీ చేతులే. ఈ రిజిస్టర్లు ఫైండ్‌మైపాస్ట్ అనే వెబ్‌సైట్‌లో చూడొచ్చు.

ఇంటి పని: మీ రౌతు చివరి తేదీ, ఆ మూడు నెలల పట్టీ, నంబరు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. నంబరు లేకుండా నాలుగో భాగానికి వెళ్లినవాళ్లు మళ్లీ ఇక్కడికే రావాల్సొస్తుంది.