స్ప్రింగ్‌లో @ఆటోవైర్డ్, @రిసోర్స్, @ఇంజెక్ట్: ఎర్రర్ వస్తే ఎక్కడ చూడాలి

జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌లో ఒక క్లాసుకు కావాల్సిన బీన్‌ను (స్ప్రింగే తయారు చేసి చూసుకునే ఆబ్జెక్టును) తెచ్చి ఇవ్వమని చెప్పే ఆనొటేషన్లు, అంటే @ గుర్తుతో కోడ్‌లో రాసే సూచనలు, ఈ మూడూ. చేసేది ఒకే పనిలా కనిపిస్తుంది. తేడా బీన్‌ను వెతికే వరుసలో ఉంది. @ఆటోవైర్డ్, @ఇంజెక్ట్ ముందు టైపు చూస్తాయి. ఒకటికి మించి దొరికితే @క్వాలిఫయర్ (ఫలానా పేరు బీన్ కావాలని చెప్పేది), ఆ తర్వాత @ప్రైమరీ (వీటిలో ముందు దీన్నే తీసుకోమని చెప్పేది), అప్పటికీ తేలకపోతే ఫీల్డు పేరు చూస్తాయి. @రిసోర్స్ మాత్రం ముందు పేరు చూస్తుంది. ఆ పేరుతో బీన్ లేకపోతేనే టైపు జోలికి వెళ్తుంది.

పేమెంట్‌సర్వీస్ అనే ఇంటర్‌ఫేస్‌ను కార్డ్‌పేమెంట్, వాలెట్‌పేమెంట్ అనే రెండు క్లాసులు ఇంప్లిమెంట్ చేశాయనుకుందాం. రెండింటి మీదా @సర్వీస్ ఉంది, అంటే రెండూ బీన్‌లే.

సమస్య 1: అప్లికేషన్ లేవడం లేదు, ఒక్క బీన్ కావాలి కానీ రెండు దొరికాయని నోయూనిక్‌బీన్‌డెఫినిషన్ ఎక్సెప్షన్

కారణం: టైపుకు ఇద్దరు సరిపోయారు, ఎంచుకోవడానికి గుర్తేమీ లేదు. నిన్నటిదాకా నడిచిందంటే ఫీల్డు పేరు కార్డ్‌పేమెంట్ అని ఉండి ఉంటుంది. ఎవరో దాన్ని పేమెంట్ అని మార్చగానే ఆ ఆధారం పోయింది.

పరిష్కారం: ఎక్కువ చోట్ల వాడే క్లాసు మీద @ప్రైమరీ పెట్టండి, మిగతా చోట్ల @క్వాలిఫయర్‌తో పేరు చెప్పండి. ఫీల్డు పేరు మీద ఆధారపడి వదిలేయకండి.

కోడ్ ముట్టుకోకుండా, స్ప్రింగ్ 6.1కి (అంటే బూట్ 3.2కి) మారగానే కన్‌స్ట్రక్టర్‌లో ఇదే ఎర్రర్ వస్తే కారణం వేరు. పాత వెర్షన్లు పారామీటర్ల పేర్లను బైట్‌కోడ్‌లోని డీబగ్ సమాచారం నుంచి తీసుకునేవి. 6.1లో ఆ దారి తీసేశారు. కంపైలర్‌కు మైనస్ గుర్తుతో పారామీటర్స్ అనే ఆప్షన్ ఇవ్వాలి. బూట్ పేరెంట్ పామ్, బూట్ గ్రేడిల్ ప్లగిన్ వాడితే అది ముందే ఉంటుంది. మావెన్‌లో నడిచి ఐడీఈలో ఆగిపోతుంటే, ఐడీఈ కంపైలర్ సెట్టింగ్‌లోనూ ఆ ఆప్షన్ ఉందో లేదో చూడండి.

సమస్య 2: కార్డ్‌పేమెంట్ మీద @ప్రైమరీ ఉన్నా వాలెట్‌పేమెంట్ వస్తోంది

ఎర్రరేమీ రాదు కాబట్టి ఈ సమస్యలన్నింటిలో ఇదే ప్రమాదకరమైనది. ఫీల్డు మీద @రిసోర్స్ ఉండి, దాని పేరు వాలెట్‌పేమెంట్ అయితే పేరుదే గెలుపు, @ప్రైమరీని అడగనే అడగదు. కావాల్సిన బీన్ పేరును నేమ్ ఆట్రిబ్యూట్‌లో రాయండి, లేదా @ఆటోవైర్డ్‌కు మారండి.

దీనికి తోబుట్టువే బీన్‌నాట్‌ఆఫ్‌రిక్వైర్డ్‌టైప్ ఎక్సెప్షన్: ఫీల్డు పేరుతో వేరే టైపు బీన్ ఉంది. పేరు దొరికింది గనుక @రిసోర్స్ ఇక టైపుతో వెతకదు.

క్లాసు పేరులో మొదటి రెండు అక్షరాలూ క్యాపిటల్ అయితే బీన్ పేరులో మొదటి అక్షరం చిన్నది కాదు. పేరు సరిపోలడం లేదని తల పట్టుకునే ముందు ఇది చూడండి.

సమస్య 3: ఫీల్డు నల్‌గా ఉంది

ముందు ఆ ఆబ్జెక్టును ఎవరు తయారు చేశారో చూడండి. న్యూ అని రాసి సృష్టిస్తే స్ప్రింగ్‌కు దాని సంగతే తెలియదు. స్టాటిక్ ఫీల్డు అయితే @ఆటోవైర్డ్ లాగ్‌లో ఒక మాట రాసి వదిలేస్తుంది, @రిసోర్స్ మాత్రం ఎక్సెప్షన్ ఇస్తుంది.

తర్వాత ఇంపోర్ట్ లైను చూడండి. @రిసోర్స్, @ఇంజెక్ట్ ఇప్పుడు జకార్తా ప్యాకేజీలో ఉన్నాయి. స్ప్రింగ్ 6 పాత జావాఎక్స్ వాటిని కూడా గుర్తిస్తుంది, స్ప్రింగ్ 7 పట్టించుకోదు. జేడీకే 11 నుంచి జావాఎక్స్ @రిసోర్స్ జేడీకేలోనే లేదు. జకార్తా @రిసోర్స్ బూట్ స్టార్టర్లతో వస్తుంది, @ఇంజెక్ట్‌కు మాత్రం జకార్తా ఇంజెక్ట్ ఏపీఐ డిపెండెన్సీని మీరే కలపాలి.

సమస్య 4: కంపైల్ కావడం లేదు

@ఇంజెక్ట్‌కు రిక్వైర్డ్ ఆట్రిబ్యూట్ లేదు. బీన్ లేకపోయినా నడవాలంటే టైపును ఆప్షనల్‌లో చుట్టండి. @రిసోర్స్‌ను కన్‌స్ట్రక్టర్ మీద పెట్టలేం, ఫీల్డు లేదా ఒకే పారామీటర్ ఉన్న సెట్టర్ మీదే. కన్‌స్ట్రక్టర్ ఒక్కటే ఉంటే స్ప్రింగ్ 4.3 నుంచి దాని మీద ఏ ఆనొటేషనూ అక్కర్లేదు. కొత్త కోడ్‌కు మా ఓటు దానికే.